ఎన్‌పీఎన్, పీఎన్‌పీ: వోల్టేజ్‌ని ఎక్కడి నుంచి కొలవాలి?

12 వోల్టులతో తిరిగే చిన్న ఫ్యాన్ ఒకటి ఉంది. దాన్ని మైక్రోకంట్రోలర్‌తో, అంటే ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న చిప్‌తో ఆన్, ఆఫ్ చెయ్యాలి. చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని నడిపే మూడు కాళ్ల ట్రాన్సిస్టర్లలో ఎన్‌పీఎన్, పీఎన్‌పీ అని రెండు రకాలు. ఒక పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ తీసుకుని దాని కాళ్లలో ఎమిటర్‌ని 12 వోల్టుల లైనుకి, కలెక్టర్‌ని ఫ్యాన్‌కి, బేస్‌ని 1.2 కిలో ఓముల రెసిస్టర్ మీదుగా మైక్రోకంట్రోలర్ పిన్‌కి కలిపారనుకుందాం. పిన్ సున్నా వోల్టులకి దిగగానే ఫ్యాన్ తిరిగింది. పిన్ దిగితే పీఎన్‌పీ ఆన్, ఎక్కితే ఆఫ్ అని పుస్తకంలో చెప్పినట్టే జరిగింది. ఇప్పుడు పిన్‌ని 5 వోల్టులకి ఎక్కిస్తే ఫ్యాన్ ఆగాలి. కానీ ఆగదు. ట్రాన్సిస్టర్ కాలిపోయిందేమోనని కొత్తది పెట్టినా అదే తంతు. ప్రోగ్రామ్‌ని నాలుగుసార్లు తిరగేసినా తప్పు కనపడదు.

తప్పు ఆ రెండింటిలోనూ లేదు. 5 వోల్టులంటే 'ఎక్కువ' అనుకోవడంలో ఉంది. గ్రౌండ్ దగ్గర, అంటే సున్నా వోల్టుల లైను దగ్గర నిలబడి చూస్తే 5 వోల్టులు ఎక్కువే. పీఎన్‌పీ మాత్రం గ్రౌండ్ వైపు చూడదు. అది 12 వోల్టుల దగ్గర నిలబడి కిందికి చూస్తుంది. అక్కణ్నుంచి చూస్తే పిన్ ఇంకా 7 వోల్టుల కిందే ఉంది.

ఎన్‌పీఎన్‌కీ పీఎన్‌పీకీ తేడా ఏమిటని అడిగితే చాలామంది కరెంట్ ఏ వైపు పారుతుందో చెప్తారు. ఆ జవాబు నిజమే కానీ సర్క్యూట్ గీసేటప్పుడు పెద్దగా అక్కరకి రాదు. ఎమిటర్ ఏ లైనుకి కట్టి ఉంది, వోల్టేజ్‌ని అక్కడి నుంచి కొలుస్తున్నామా లేదా అన్నదే అసలు సంగతి.

లోపల జరిగేది

సిలికాన్‌లో కొద్దిగా ఫాస్ఫరస్ కలిపితే ఎలక్ట్రాన్లు మిగిలిపోతాయి. అది ఎన్ రకం. బోరాన్ కలిపితే ఎలక్ట్రాన్ల కొరత ఏర్పడుతుంది. అది పి రకం. ఎలక్ట్రాన్ ఉండాల్సిన చోట ఉన్న ఖాళీని హోల్ అంటారు. పక్కనున్న ఎలక్ట్రాన్ వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటే ఖాళీ పక్కకి జరిగినట్టవుతుంది. అలా ఖాళీలు కదులుతుంటే ధనావేశం పారుతున్నట్టే లెక్క. ట్రాన్సిస్టర్ పనిలో ఎలక్ట్రాన్లకీ హోల్స్‌కీ రెండింటికీ పాత్ర ఉంది కాబట్టే దీనికి బైపోలార్ అని పేరు.

రెండు ఎన్ పొరల మధ్య సన్నటి పి పొర పెడితే ఎన్‌పీఎన్, రెండు పి పొరల మధ్య సన్నటి ఎన్ పొర పెడితే పీఎన్‌పీ. మధ్య పొర బేస్. అటూ ఇటూ ఉన్నవి ఎమిటర్, కలెక్టర్. బొమ్మలో ఆ రెండూ కవలల్లా కనిపిస్తాయి కానీ కవలలు కావు. ఎమిటర్‌లో ఫాస్ఫరస్, బోరాన్ లాంటి మలినాలు బాగా దట్టించి ఉంటాయి, కలెక్టర్‌లో పలచగా ఉంటాయి. అందుకే రెండింటినీ తారుమారు చేసి కలిపితే ట్రాన్సిస్టర్ పూర్తిగా చచ్చిపోదు, నీరసంగా పనిచేస్తుంది. గెయిన్, అంటే బేస్ కరెంట్‌కి కలెక్టర్ కరెంట్ ఎన్ని రెట్లో చెప్పే అంకె, బాగా పడిపోతుంది. పూర్తిగా ఆగిపోయిన సర్క్యూట్‌లో కన్నా ఇలా సగం సగం పనిచేసే దాంట్లో తప్పు పట్టుకోవడం కష్టం.

ఎన్‌పీఎన్‌లో బేస్ వోల్టేజ్ ఎమిటర్ కన్నా 0.6 నుంచి 0.7 వోల్టులు పైకి వెళ్లగానే ఎమిటర్ నుంచి ఎలక్ట్రాన్లు బేస్‌లోకి దూకుతాయి. బేస్ ఎంత సన్నం అంటే, అక్కడి హోల్స్‌తో కలిసిపోయేలోపే వాటిలో నూటికి 99 దాకా అవతలి కలెక్టర్ అంచుకి చేరిపోతాయి. అక్కడి విద్యుత్ క్షేత్రం వాటిని లాగేసుకుంటుంది. దారిలో చిక్కుకున్న ఆ ఒక్క శాతం కోసం, బేస్ నుంచి ఎమిటర్‌లోకి జారిపోయే కొన్ని హోల్స్ కోసం బయటి నుంచి అందించాల్సిందే బేస్ కరెంట్. చిన్న బేస్ కరెంట్‌తో పెద్ద కలెక్టర్ కరెంట్ నడవడం వెనకున్న రహస్యం ఇంతే. కరెంట్‌ని ఒక వైపుకే పోనిచ్చే డయోడ్లని రెండింటిని వీపులు ఆనించి టంకం వేస్తే ట్రాన్సిస్టర్ ఎందుకు కాదన్న ప్రశ్నకి కూడా జవాబు ఇందులోనే ఉంది. రెండు డయోడ్ల మధ్య తీగ ముక్క ఉంటుంది, సన్నటి బేస్ ఉండదు. దూకిన ఎలక్ట్రాన్లు అవతలి ఒడ్డుకి చేరవు.

పీఎన్‌పీలో ఇదే కథ అద్దంలో చూసినట్టు ఉంటుంది. దూకేవి హోల్స్. వాటిని దూకించాలంటే బేస్ ఎమిటర్ కన్నా 0.6 నుంచి 0.7 వోల్టులు కిందికి దిగాలి. బేస్ కరెంట్ లోపలికి రాదు, బయటికి పోతుంది.

సర్క్యూట్ బొమ్మల్లో గీసే ట్రాన్సిస్టర్ గుర్తులో ఎమిటర్ మీద ఉన్న బాణం ఎప్పుడూ పి నుంచి ఎన్ వైపుకే చూపిస్తుంది. ఎన్‌పీఎన్‌లో బేస్ పి కాబట్టి బాణం బయటికి, పీఎన్‌పీలో ఎమిటర్ పి కాబట్టి లోపలికి. డయోడ్ గుర్తులో త్రికోణం ఎటు చూపిస్తుందో తెలిసినవాళ్లు దీని కోసం వేరే కిటుకులేవీ బట్టీ పట్టక్కర్లేదు.

ఎన్‌పీఎన్‌తో ఫ్యాన్

అదే ఫ్యాన్‌ని ఈసారి ఎన్‌పీఎన్‌తో నడుపుదాం. ఫ్యాన్ 80 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది అనుకుంటే, 2ఎన్ 2222 లాంటి చిన్న ట్రాన్సిస్టర్ హాయిగా మోస్తుంది. ఎమిటర్ గ్రౌండ్‌కి, కలెక్టర్ ఫ్యాన్ కింది కొసకి, ఫ్యాన్ పై కొస 12 వోల్టులకి. లోడ్‌కి, అంటే కరెంట్ తీసుకునే ఫ్యాన్ లాంటి దానికి, కింద కూర్చుని గ్రౌండ్ దారిని తెరిచి మూసే ఈ పద్ధతిని లో సైడ్ స్విచ్ అంటారు.

బేస్ కరెంట్ ఎంత కావాలి? ఇక్కడ తయారీదారు ఇచ్చే డేటాషీట్‌లోని గెయిన్ అంకెని నమ్ముకోవడం చాలామంది చేసే తప్పు. బీసీ 547 అనే మరో చిన్న ఎన్‌పీఎన్ కుటుంబంలోనే గెయిన్ 110 నుంచి 800 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. పైగా ఆ అంకె ట్రాన్సిస్టర్ సగం తెరుచుకుని యాంప్లిఫయర్‌గా ఉన్నప్పటిది. స్విచ్‌గా వాడేటప్పుడు దాన్ని శాచురేషన్‌లోకి, అంటే పూర్తిగా తెరుచుకున్న స్థితిలోకి నెట్టాలి. అందుకని కలెక్టర్ కరెంట్‌లో పదో వంతు బేస్‌కి ఇవ్వడం ఆనవాయితీ. ఇక్కడ 8 మిల్లీఆంపియర్లు. పిన్ 5 వోల్టులు, బేస్ దగ్గర 0.7 పోతే మిగిలేది 4.3. దాన్ని 8 మిల్లీఆంపియర్లతో భాగిస్తే 537 ఓములు. దొరికే విలువల్లో దానికి కిందున్న 470 ఓములు పెడితే సరిపోతుంది. అప్పుడు కలెక్టర్, ఎమిటర్ల మధ్య మిగిలేది 0.1, 0.2 వోల్టులే. ట్రాన్సిస్టర్ వేడెక్కదు.

ఫ్యాన్, రిలే, మోటర్ లాంటి తీగ చుట్టలున్న లోడ్ ఏదైనా సరే దానికి అడ్డంగా ఒక డయోడ్ తిరగేసి పెట్టాలి. కరెంట్ ఆపేసిన క్షణంలో చుట్ట పుట్టించే వోల్టేజ్ వందల్లో కూడా ఉండొచ్చు. బీసీ 547 తట్టుకునేది 45 వోల్టులే.

ఇందులో 12 వోల్టులు ఎక్కడైనా లెక్కలోకి వచ్చాయా? రాలేదు. ఫ్యాన్ 24 వోల్టులదైనా, తీసుకునే కరెంట్ అంతే అయితే, బేస్ రెసిస్టర్ మారదు. ఎమిటర్ గ్రౌండ్ మీద ఉంది, పిన్ కూడా గ్రౌండ్ నుంచే మాట్లాడుతోంది. ఇద్దరిదీ ఒకే నేల. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఎన్‌పీఎన్ తేలిక అనిపించడానికి కారణం ఇదే తప్ప దానిలో వేరే సుగుణమేదీ లేదు.

పీఎన్‌పీ దగ్గర తేడా కొట్టేది

ఇప్పుడు మొదట్లో ఆగని ఫ్యాన్ దగ్గరికి వద్దాం. ఎమిటర్ 12 వోల్టుల మీద ఉంది. బేస్ దానికి 0.7 కింద, అంటే 11.3 దగ్గర నిలబడుతుంది. పిన్ సున్నా అయితే 1.2 కిలో ఓముల మీద 11.3 వోల్టులు, అంటే సుమారు 9.4 మిల్లీఆంపియర్లు. ఫ్యాన్ తిరుగుతుంది. పిన్ 5 వోల్టులైతే రెసిస్టర్ మీద 6.3 వోల్టులు మిగులుతాయి, అంటే 5.25 మిల్లీఆంపియర్లు. 80 మిల్లీఆంపియర్లు నడపడానికి అది కూడా ఎక్కువే. పిన్‌ని ఎక్కించడం వల్ల బేస్ కరెంట్ కాస్త తగ్గింది, అంతే.

పిన్‌ని ఇన్‌పుట్‌గా మార్చి గాల్లో వదిలేస్తే ఆగుతుందేమో అన్న తెలివి కూడా చాలాసార్లు పనిచెయ్యదు. పిన్ లోపల 5 వోల్టుల లైను వైపుకి రక్షణ డయోడ్ ఉంటుంది. బేస్ నుంచి వచ్చే కరెంట్ ఆ డయోడ్ గుండా దూరి వెళ్లిపోతుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, మధ్యలో చిప్ దెబ్బతినే ప్రమాదం అదనం.

చెట్టు ఎత్తుని నేల నుంచి కొలుస్తాం, బావి లోతుని గట్టు నుంచి కొలుస్తాం. ఎన్‌పీఎన్ చెట్టు లాంటిది, పీఎన్‌పీ బావి లాంటిది. బావిలోకి దిగి నేలమట్టం లెక్కలు వేస్తే అంకెలు ఎలా కుదురుతాయి?

దీనికి తిరుగులేని పరిష్కారం రెండు ట్రాన్సిస్టర్లు వాడటం. పిన్ ఒక చిన్న ఎన్‌పీఎన్‌ని నడుపుతుంది. ఆ ఎన్‌పీఎన్ కలెక్టర్ పీఎన్‌పీ బేస్‌ని కిందికి లాగుతుంది. ఎన్‌పీఎన్ ఆగితే పీఎన్‌పీ బేస్ కరెంట్‌కి ఎటూ దారి ఉండదు. పీఎన్‌పీ బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య 10 కిలో ఓముల రెసిస్టర్ పెడితే బేస్ నిఖార్సుగా 12 వోల్టులకి చేరి ఫ్యాన్ ఆగిపోతుంది. లెక్క కూడా కష్టమేం కాదు. పీఎన్‌పీ బేస్ దారిలో 12 నుంచి 0.7, ఎన్‌పీఎన్ మీద పోయే 0.2 తీసేస్తే 11.1 వోల్టులు. 1.2 కిలో ఓములతో 9.25 మిల్లీఆంపియర్లు. ఎన్‌పీఎన్‌కి అందులో పదో వంతు చాలు, 4.7 కిలో ఓములు ఆ పని చూసుకుంటాయి. ఇక్కడ ఇంకో లాభం ఉంది. పిన్ ఎక్కితే ఫ్యాన్ ఆన్, దిగితే ఆఫ్. ఉల్టా లెక్క పోయింది.

ఇంత తిప్పలెందుకు, పై లైనులో కూడా ఎన్‌పీఎన్‌నే పెట్టెయ్యొచ్చు కదా అనిపిస్తుంది. పెట్టి చూస్తే ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంది, ట్రాన్సిస్టర్ కాలుతుంది. ఎమిటర్ ఇప్పుడు ఫ్యాన్ మీద ఉంది. ఫ్యాన్‌కి వోల్టేజ్ పెరిగే కొద్దీ ఎమిటర్ కూడా దాంతోపాటే పైకి జరుగుతుంది. బేస్ 5 వోల్టులైతే ఎమిటర్ 4.3 దాటలేదు, దాటబోతే ట్రాన్సిస్టరే మూసుకుపోతుంది. మిగతా 7.7 వోల్టులు ట్రాన్సిస్టర్‌లో వేడిగా ఖర్చవుతాయి. దీన్నే ఎమిటర్ ఫాలోవర్ అంటారు. స్విచ్‌గా పనికిరాదు కానీ వేరే చోట్ల చక్కటి సర్క్యూట్. అవుట్‌పుట్‌ని 5 వోల్టుల దగ్గర నిలిపి ఉంచే 7805 రెగ్యులేటర్ లోపల ఉన్నది ఇలాంటిదే. 5 వోల్టులు ఇవ్వడానికి దానికి 7 వోల్టుల చుట్టుపక్కల ఇన్‌పుట్ కావాల్సి రావడానికి కారణం, లోపలి ఎన్‌పీఎన్ ఎమిటర్ అవుట్‌పుట్ మీద కూర్చోవడమే. బేస్‌ని అవుట్‌పుట్ కన్నా పైకి ఎత్తాలి, దానికి మరి కొంత వోల్టేజ్ కావాలి. అదే చోట పీఎన్‌పీ పెట్టిన లో డ్రాపౌట్ రెగ్యులేటర్లు సగం వోల్టు తేడాతోనో, అంతకన్నా తక్కువతోనో నెట్టుకొస్తాయి. పీఎన్‌పీ ఎమిటర్ ఇన్‌పుట్ వైపు ఉంటుంది, బేస్‌ని కిందికి లాగితే చాలు.

కవలలే, కానీ సమానం కాదు

1947 డిసెంబర్‌లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్ పనిచేయించిన మొదటి ట్రాన్సిస్టర్ ఎన్ రకం జెర్మేనియం ముక్క మీద రెండు బంగారు మొనలు ఆనించినది. బేస్ ఎన్ రకం, అంటే స్వభావంలో అది పీఎన్‌పీకి చుట్టం. విలియం షాక్లీ ఆ తర్వాత కొద్ది వారాల్లోనే పొరల అమరికతో ఉన్న జంక్షన్ ట్రాన్సిస్టర్‌ని ఊహించాడు. ముగ్గురికీ కలిపి 1956లో నోబెల్ వచ్చింది. 1950లలో ఎక్కువగా తయారైనవి జెర్మేనియం పీఎన్‌పీలే. సన్నటి ఎన్ రకం జెర్మేనియం పలకకి రెండు వైపులా ఇండియం బిందువులు కరిగించి అంటిస్తే పీఎన్‌పీ తయారయ్యేది. ఆ కాలపు రేడియో సర్క్యూట్ బొమ్మల్లో ప్లస్ గ్రౌండ్‌కి, మైనస్ సప్లైకి ఉంటాయి. ఇప్పటి కళ్లకి తలకిందులుగా కనిపిస్తాయి.

సిలికాన్ వచ్చాక పరిస్థితి తిరగబడింది. గది ఉష్ణోగ్రత దగ్గర, మలినాలు తక్కువగా ఉన్న సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు హోల్స్ కన్నా దాదాపు మూడు రెట్లు చురుగ్గా కదులుతాయి. ఎన్‌పీఎన్‌లో బేస్ దాటాల్సినవి ఎలక్ట్రాన్లు కాబట్టి అది సహజంగానే వేగంగా ఉంటుంది. సిలికాన్‌లో ఎన్‌పీఎన్ తయారీ కూడా తేలికగా కుదిరింది. మైనస్‌ని గ్రౌండ్‌గా పెట్టుకునే అలవాటు స్థిరపడ్డాక ఇక వెనక్కి తిరిగి చూసింది లేదు. ఒకే చిప్ మీద రెండు రకాలూ చెక్కాల్సి వచ్చినప్పుడు పీఎన్‌పీ మరీ వెనకబడేది. సిగ్నల్‌ని పెంచే చిప్ అయిన 1968 నాటి 741 ఆప్‌యాంప్‌లో పక్కపక్కగా అమర్చిన లాటరల్ పీఎన్‌పీలు ఉన్నాయి. అవి ఎన్‌పీఎన్‌ల పక్కన నత్తనడకే.

ఇద్దరూ కలిసి పనిచేసే చోటు

పీఎన్‌పీ విలువ తెలిసేది ఆడియో యాంప్లిఫయర్‌లో. స్పీకర్‌కి కరెంట్ రెండు వైపులా పారాలి. పై లైను నుంచి ఒక ఎన్‌పీఎన్, కింది లైను నుంచి ఒక పీఎన్‌పీ, ఎమిటర్లు రెండూ కలిపి స్పీకర్‌కి. సిగ్నల్ పైకి వెళ్తే ఎన్‌పీఎన్ నెడుతుంది, కిందికి వెళ్తే పీఎన్‌పీ లాగుతుంది. అందుకే దీని పేరు పుష్ పుల్. గ్రౌండ్‌కి అటూ ఇటూ అద్దంలో బొమ్మల్లా నిలబడే జత లేకపోతే ఈ సర్క్యూట్ ఇంత పొందికగా కుదరదు. గట్టి పీఎన్‌పీ పవర్ ట్రాన్సిస్టర్లు దొరకని రోజుల్లో డిజైనర్లు కింది వైపు కూడా పెద్ద ఎన్‌పీఎన్‌నే పెట్టి, దాన్ని చిన్న పీఎన్‌పీతో నడిపి మొత్తాన్ని పీఎన్‌పీలా నటింపజేసేవారు. తర్వాత 2ఎన్ 3055కి జోడీగా ఎంజే 2955 లాంటివి వచ్చాయి.

ఈ జతలో ఒక మెలిక ఉంది. సిగ్నల్ సున్నాకి అటు 0.6, ఇటు 0.6 వోల్టుల మధ్య ఉన్నంతసేపూ ఇద్దరూ నిద్రలోనే ఉంటారు. సిగ్నల్ సున్నా దాటిన ప్రతిసారీ తరంగంలో చిన్న మెట్టు పడుతుంది. చిన్న శబ్దాల్లో అది గరగరలా వినపడుతుంది. రెండు బేస్‌ల మధ్య రెండు డయోడ్లు పెట్టి ఇద్దరినీ కాస్త మెలకువగా ఉంచితే గరగర పోతుంది. ఆ డయోడ్లని ట్రాన్సిస్టర్లున్న హీట్‌సింక్‌కే తగిలించాలి. డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున బేస్, ఎమిటర్ల మధ్య అవసరమయ్యే వోల్టేజ్ వేడికి తగ్గిపోతుంది. డయోడ్లు చల్లగా ఉండి ట్రాన్సిస్టర్లు వేడెక్కితే కరెంట్ పెరుగుతుంది. కరెంట్ పెరిగితే వేడి పెరుగుతుంది, చివరికి కాలిపోయేదాకా పోవచ్చు.

ఫ్యాక్టరీల్లో వాడే మూడు తీగల సెన్సర్ల మీద ఎన్‌పీఎన్ అనో పీఎన్‌పీ అనో రాసి ఉండేది కూడా ఈ స్విచ్ గురించే. ఎన్‌పీఎన్ సెన్సర్ అవుట్‌పుట్‌ని సున్నా వోల్టులకి కలుపుతుంది, పీఎన్‌పీ సెన్సర్ 24 వోల్టులకి కలుపుతుంది. ఒకదాని బదులు ఇంకొకటి తగిలిస్తే మెషీన్లని నడిపే కంట్రోలర్ అయిన పీఎల్‌సీ ఇన్‌పుట్ వెలగదు. పీఎన్‌పీలో ఒక భద్రత ఉంది. సిగ్నల్ తీగ ఎక్కడైనా ఒరుసుకుని మెషీన్ లోహానికి తగిలితే, మైనస్ ఎర్త్ అయి ఉన్న చోట, ఎన్‌పీఎన్ పద్ధతిలో అది సిగ్నల్ వచ్చినట్టే కనిపిస్తుంది. పీఎన్‌పీ పద్ధతిలో సిగ్నల్ రానట్టు కనిపిస్తుంది. లేని వస్తువు ఉందనుకుని మెషీన్ కదలడం కన్నా ఆగిపోవడమే మేలు.

చేతికొచ్చింది ఏదో తెలుసుకోవడం

అంకె చెరిగిపోయిన ట్రాన్సిస్టర్ దొరికితే మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టాలి. ఎర్ర ప్రోబ్ ఒక కాలుకి పెట్టి, నల్లది మిగతా రెండింటికీ మార్చి మార్చి పెడితే రెండు చోట్లా 0.6, 0.7 చూపిస్తే ఎర్రది ఉన్నది బేస్, ట్రాన్సిస్టర్ ఎన్‌పీఎన్. నల్లది బేస్ మీద ఉన్నప్పుడు అలా వస్తే పీఎన్‌పీ. రెండు రీడింగుల్లో కొంచెం ఎక్కువ చూపించేది సాధారణంగా ఎమిటర్. అంకె 0.2, 0.3 దగ్గర ఉంటే అది జెర్మేనియం కావొచ్చు. ముల్లున్న పాత మీటర్లలో ఓమ్స్ రేంజ్‌లో నల్ల ప్రోబే ప్లస్ అవుతుంది. అది తెలియక పీఎన్‌పీని ఎన్‌పీఎన్ అనుకోవడం మామూలే.

జపాన్ వాళ్ల పద్ధతిలో పేరు చూస్తేనే రకం తెలిసిపోతుంది. 2ఎస్‌ఏ, 2ఎస్‌బీ పీఎన్‌పీలు, 2ఎస్‌సీ, 2ఎస్‌డీ ఎన్‌పీఎన్‌లు. బీసీ 547, 557 లాంటి యూరప్ పేర్లలోనూ, 2ఎన్ 3904, 3906 లాంటి అమెరికా పేర్లలోనూ ఆ సౌకర్యం లేదు. రెండు జతల్లోనూ మొదటిది ఎన్‌పీఎన్, రెండోది పీఎన్‌పీ అని గుర్తుంచుకోవాల్సిందే. కాళ్ల వరస కూడా ఒకటి కాదు. చదునైన ముఖం మన వైపు, కాళ్లు కిందికి పెట్టుకుంటే బీసీ 547కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్ 3904కి ఎమిటర్, బేస్, కలెక్టర్. ఒకదాని చోట రెండోది పెట్టేవాళ్లు దాన్ని తిప్పి పెట్టాలి.

పాత పీఎన్‌పీ సర్క్యూట్ ఏదైనా దొరికి, దాన్ని ఇప్పటి ఎన్‌పీఎన్‌తో కట్టాలనుకుంటే కొత్తగా డిజైన్ చెయ్యక్కర్లేదు. కాగితాన్ని తలకిందులు చేసి చూస్తే చాలావరకు అర్థమైపోతుంది. సప్లై ప్లస్, మైనస్‌లు మార్చి, ట్రాన్సిస్టర్ల రకం మార్చి, డయోడ్లన్నీ తిప్పి, పోలారిటీ ఉన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కూడా తిప్పాలి. అసలు సర్క్యూట్ జెర్మేనియందైతే బేస్‌కి నిలకడ వోల్టేజ్ ఇచ్చే బయాస్ రెసిస్టర్లు మళ్లీ లెక్కేసుకోవాలి, అక్కడ 0.2, 0.3 వోల్టులు సరిపోయిన చోట సిలికాన్‌కి 0.7 కావాలి. ఎక్కువమంది మరిచిపోయేది కెపాసిటర్లని తిప్పడం. సర్క్యూట్ కాసేపు బాగానే పనిచేసి, తర్వాత ఏదో ఒక కెపాసిటర్ ఉబ్బి గుర్తుచేస్తుంది.